ట్యాంక్ అంటే చెరువా, తొట్టా, యుద్ధ వాహనమా?

ప్రశ్న:
పాత ఇంగ్లీషు నీటిపారుదల రికార్డులను తెలుగు చేస్తున్నాను. ‘ట్యాంక్’ అని ఉన్నచోటల్లా చెరువు అని రాసేయొచ్చా? అసలు చెరువుకీ, మేడ మీది నీళ్ళ ట్యాంకుకీ, సైన్యం ట్యాంకుకీ ఒకే మాట ఎలా కుదిరింది?

జవాబు 1:
మూడూ ఒకే మాట, ముందొచ్చింది చెరువు అర్థమే. 17వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు దీన్ని మన దేశంలోనే నేర్చుకున్నారు. గుజరాత్‌లో ఇంటి కింద వాననీరు నిలవచేసే తొట్టిని టాంకా అంటారు, దానికి సంస్కృత తటాకంతో చుట్టరికం చెబుతారు. లోహపు తొట్టి అర్థం తర్వాత వచ్చింది.

జవాబు 2:
పోర్చుగీసును వదిలేయకండి. వాళ్ళ ‘తాంకె’కి మూలం ‘ఎస్తంకార్’, అంటే నీటిని ఆపి నిలపడం. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరినప్పటి ప్రయాణపు డైరీలోనే అక్కడి రాతి కోనేటికి ఈ మాట వాడారు. అప్పుడే ఒడ్డు దిగినవాళ్ళు ఇక్కడి మాట నేర్చుకుని రాశారనడం కష్టం. ఇక్కడిదీ వాళ్ళదీ దగ్గరగా వినబడటంతో రెండూ కలిసిపోయాయనే అనుకుంటాను.

యుద్ధ వాహనం సంగతి మాత్రం స్పష్టం. 1915లో బ్రిటన్‌లోని లింకన్‌లో దాన్ని తయారుచేస్తూ, గుట్టు బయటపడకుండా నీళ్ళ ట్యాంకులని చెప్పారు. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధంలో దిగేసరికి ఆ మారుపేరే స్థిరపడింది.

జవాబు 3:
అనువాదానికి పక్క మాటలు చూడండి. బండ్, స్లూయిస్, సర్‌ప్లస్ వియర్ ఉంటే అది చెరువే. వాటికి కట్ట, తూము, అలుగు (చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే చోటు) అని రాయండి. తెలంగాణ ఊళ్ళ రికార్డయితే అలుగు బదులు మత్తడి. ‘అయకట్’ మన ఆయకట్టే. గుడి పక్కనుంటే కోనేరు, చిన్నదైతే కుంట. సెటిలింగ్ ట్యాంక్ (నీటిలోని మట్టి అడుక్కి దిగేలా నిలవబెట్టేది) లాంటివాటికి తొట్టి.

ఎక్కువగా తప్పేది ‘ట్యాంక్ బెడ్’ దగ్గర. చెరువు అడుగు అంటే సరిపోదు, నీరు నిండే నేలంతా అందులోకి వస్తుంది. చెరువు గర్భం అనండి. తెలంగాణ రెవెన్యూ కాగితాల్లో దాన్నే శికం అంటారు. ఇక్కడ పొరబడితే భూమి హద్దే మారిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
అయితే హైదరాబాద్ ట్యాంక్‌బండ్?

జవాబు 3:
చెరువు కట్ట, అంతే. హుస్సేన్‌సాగర్ 16వ శతాబ్దపు కుతుబ్‌షాహీల కాలం నాటి చెరువు. ‘బండ్’ ఫారసీ ‘బంద్’ నుంచి వచ్చింది. కానీ ఇప్పుడది ఊరిపేరు లాంటిది, అనువదించకుండా ట్యాంక్‌బండ్ అనే ఉంచండి.