"ఇంట నవ్వారి గాఁగ" – ఇంతకీ ఆ 'న' ఎవరిది?

దారితప్పినవాడు:
నాలుగు రోజుల్నుంచి ఒక పద్యం ముక్క వదలట్లేదండీ. ట్రెక్కింగ్‌లో చీకటి పడిపోయి, రోడ్డు కూడా లేని ఓ కొండూళ్ళో ఎవరింటి తలుపో కొట్టాం, ఆరుగురం, వాళ్ళు అప్పటికే పడుకున్నారు. ఆ పెద్దావిడ ఎవరు ఏంటి అని అడక్కుండా బూడిదలో కప్పెట్టిన నిప్పు పైకి లాగి ఊది ఊది రాజేసి వండటం మొదలెట్టింది. పొద్దున డబ్బు తియ్యబోతే నా చెయ్యి పట్టుకుని మళ్ళీ జేబులోకే తోసేసింది. అప్పట్నుంచీ "వలయు భోజ్యంబు లింట నవ్వారి గాఁగ" అని చెవిలో ఒకటే మోత. పెద్దనే కదా? పైపాదాలు గుర్తు రావట్లేదు. నవ్వారి అంటే నవ్వుతూ పెట్టడమేనా?

పాతపుస్తకం:
పెద్దనే. మనుచరిత్ర మొదటి ఆశ్వాసం, ప్రవరుడి ఇల్లాలి గురించి.

వండ నలయదు వేవురు వచ్చిరేని
నన్నపూర్ణకు నుద్దియౌ నతని గృహిణి
యతిథు లేతేర నడికిరేయైనఁ బెట్టు
వలయు భోజ్యంబు లింట నవ్వారి గాఁగ

నవ్వూ లేదు గివ్వూ లేదు. ఇంటన్ + అవ్వారి. 'న' ద్రుతానిది, అంటే ఇంటన్ చివరున్న నకారానిది. అవారితం లోంచి వచ్చిన మాట, అడ్డూ ఆపూ లేకుండా అని.

యతిభంగం:
ద్రుతం సరే, ఒప్పుకున్నా. అవారితంలో ఒక్క వకారమే ఉంటే ఇక్కడ రెండెక్కణ్ణుంచి వచ్చాయి? నా లెక్క వేరు. ఆ + వారి, త్రికసంధి, ఆ + కన్య అక్కన్య అయినట్టు 'ఆ' కురచై పక్క హల్లు రెట్టిస్తుంది. వచ్చినవాళ్ళదే ఇల్లు అన్నట్టు పెట్టిందని. ఈయన కొండూరి కథకి అచ్చంగా అదే సరిపోతుంది, పైగా యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో పడే జత) వలయు–వ్వారి చక్కగా కూర్చుంది.

పాతపుస్తకం:
యతి 'వ్వా' మీద పడింది కాబట్టి నవ్వారి అన్నా అవ్వారి అన్నా చెల్లుతుంది, దాంతో ఏమీ తేలదు సార్. ఇల్లు వాళ్ళదవ్వాలంటే "ఇల్లు" అనాలి, "ఇంట" అని సప్తమి ఎందుకేశాడు?

యతిభంగం:
గణం కోసం వేశాడేమో.

పాతపుస్తకం:
పెద్దనకి గణం కుదరకపోవడమా! ఇంకెక్కడా అనకండి ఈ మాట.

రాయలపక్షం:
మీరిద్దరూ పెద్దనని పట్టుకుని వేలాడుతున్నారు గానీ ఆ పెద్దావిడ రాయలవారి ఆముక్తమాల్యదలో ఉంది. విష్ణుచిత్తుడి ఇంట్లో నడురేయి చెవి పెట్టి వింటే ఏం వినబడుతుంది? "నాస్తి శాకబహుతా, నాస్త్యుష్ణతా..." కూరలు ఎక్కువ లేవు, వేడిగా లేవు, దయచేసి తినండి అని. పెట్టేవాళ్ళ మొహమాటం అంత బాగా పట్టుకున్నవాడు ఇంకొకడు లేడు. తెలుగు పద్యంలో ఆ ఒక్క మాట సంస్కృతంలోనే ఎందుకుంచాడో కూడా ఆలోచించండి, వచ్చినవాళ్ళు ఏ భాష వాళ్ళైనా అర్థం కావాలనే అంటాను నేను. దారితప్పినవాడు గారూ, ఆవిడ కూడా ఏమీ లేదు ఏమనుకోకండి అని ఉండాలే?

దారితప్పినవాడు:
అందండీ! భాష తెలీదు గానీ ఖాళీ చేతులు రెండూ ఇలా తిప్పి చూపించింది. నాస్తి అనే అయ్యుంటుంది.

యతిభంగం:
అన్నట్టు వేవురికి పెట్టిన ఇంటాయన ప్రవరుడు, కాళ్ళకి పూసుకుంటే కోరిన చోటికి తీసుకెళ్ళే పాదలేపంతో కొండ మీదికెళ్ళి, అది కరగబెట్టుకుని దారి చెప్పమని వరూధినిని అడుక్కున్నాడు. కొండల్లో అందరికీ పెద్దావిడలే ఎదురవ్వరు 🙂

దారితప్పినవాడు:
నాదింకో చిన్న డౌటు. "వండ నలయదు" అన్నాడు కదా, ఆవిడ మాత్రం అలిసిపోయిందండీ. మేం తింటుంటే గరిటె చేతిలో ఉండగానే గోడకి ఆనుకుని కునుకు తీసింది. తల పక్కకి వాలినప్పుడల్లా ఉలిక్కిపడి లేచి మళ్ళీ వడ్డించేది.

పాతపుస్తకం:
ఇక్కడ అలయదు అంటే విసుక్కోదు అని తీసుకోవాలి.

యతిభంగం:
అలా ఎలా తీసుకుంటారు? విసుగే అయితే అది "అలగదు" కావాలి. య–గ, ఒక్క అక్షరమే తేడా, పాఠాంతరం ఎవరైనా చూశారా?