‘భువనస్య నాభిః’: కేంద్రమా, బొడ్డా?

ఋగ్వేదం మొదటి మండలంలోని 164వ సూక్తాన్ని అస్యవామీయం అంటారు. దీర్ఘతమసుడు దర్శించిన ఈ సూక్తంలో 52 ఋక్కులున్నాయి. చాలావరకు అవి పొడుపుకథల్లా సాగుతాయి. 34వ ఋక్కు నాలుగు ప్రశ్నలు వేస్తుంది, 35వ ఋక్కు ఆ నాలుగింటికీ వరుస తప్పకుండా జవాబు చెబుతుంది. మన చర్చకు మొదటి రెండు ప్రశ్నలు చాలు.

“పృచ్ఛామి త్వా పరమంతం పృథివ్యాః పృచ్ఛామి యత్ర భువనస్య నాభిః” అని ప్రశ్న. భూమికి చిట్టచివరి అంచు ఏదని అడుగుతున్నాను, లోకపు నాభి ఎక్కడని అడుగుతున్నాను అని అర్థం. “ఇయం వేదిః పరో అంతః పృథివ్యా అయం యజ్ఞో భువనస్య నాభిః” అని జవాబు. ఈ వేది, అంటే యజ్ఞం కోసం ఏర్పరచిన ఈ చోటు, భూమికి చివరి అంచు, ఈ యజ్ఞం లోకపు నాభి అని అర్థం.

ఈ జవాబును తెలుగు చేసేటప్పుడు ‘యజ్ఞమే విశ్వానికి కేంద్రం’ అని రాయడం అలవాటుగా మారింది. చదవడానికి హుందాగానే ఉంటుంది గాని, ఆ ఒక్క మాటతో ఋక్కులోని ఊహ మొత్తం మరో దారి పట్టిపోతుందని నా అభిప్రాయం.

‘కేంద్రం’ వేదకాలపు మాట కాదు. గ్రీకు జ్యోతిషం క్రీస్తుశకం తొలి శతాబ్దాలలో మన దేశానికి వచ్చినప్పుడు ‘హోర’ వంటి మాటలతో కలిసి సంస్కృతంలో చేరింది. జాతకచక్రంలో 1, 4, 7, 10 స్థానాలను ఇప్పటికీ కేంద్రాలనే అంటున్నాము. గ్రీకులో దీని మూలరూపం ‘కెంట్రాన్’. ఆ మాటకు మొదటి అర్థం పొడిచే మొన, ఎద్దులను అదిలించే ముల్లుగర్ర. ఆ తరువాత, వృత్తం గీసేటప్పుడు వృత్తలేఖిని కాలు గుచ్చుకొని కదలకుండా నిలిచే చోటు. ఇంగ్లీషువారి ‘సెంటర్’ కూడా అక్కడినుంచి వచ్చినదే. అంటే కేంద్రం ఒక కొలత. అంచు నుంచి అన్ని వైపులా సమానదూరం ఉన్న బిందువు. అంచు ఎక్కడుందో తెలిస్తే తప్ప కేంద్రాన్ని నిర్ణయించలేము.

‘నాభి’ దారి వేరు. పై రెండు ఋక్కులకు ముందున్న 33వ ఋక్కు “ద్యౌర్మే పితా జనితా నాభిరత్ర బంధుర్మే మాతా పృథివీ మహీయమ్” అని మొదలవుతుంది. నన్ను కన్న తండ్రి ద్యులోకం, నా నాభి ఇక్కడ, ఈ గొప్ప నేల నా తల్లి, నా బంధువు అని చెప్పిన తరువాతనే కవి లోకపు నాభి మాట ఎత్తుతున్నాడు. ఈ 33వ ఋక్కును వివరిస్తూ యాస్కుడు వేదపదాల పుట్టుకను చెప్పే తన నిరుక్తంలో “నాభిః సన్నహనాత్” అన్నాడు. కట్టివేయడం వల్ల నాభి అయినదని, గర్భస్థశిశువులు నాభి ద్వారా కట్టబడి పుడతారని, అందుకే జ్ఞాతులను ‘సనాభులు’ అంటారని చెప్పాడు. అమరకోశంలో అమరసింహుడు కూడా “సపిండాస్తు సనాభయః”, సపిండులే సనాభులు అన్నాడు. ఆధునిక భాషాశాస్త్రం యాస్కుని ధాతువును ఒప్పుకోదు, కాని ఆయన చూపిన అర్థం మాత్రం చెక్కుచెదరదు. అప్పుడే పుట్టిన బిడ్డ పొట్టమీద, కట్టి కోసిన బొడ్డుతాడు ముక్క కొద్ది రోజులు అంటిపెట్టుకొని ఉంటుంది. ఎండి, నల్లబడి, ఒకనాడు తానే ఊడిపోతుంది. ఊడిన చోట గుంట మిగులుతుంది. ఆ గుంట పొట్టకు మధ్యన ఉన్నదన్నది చిన్న విషయం. ఒకప్పుడు ఆ చోటి నుంచే ఒక ప్రాణం మరో ప్రాణాన్ని పోషించిందన్నదే దాని కథ.

రథచక్రం నడిమి భాగాన్ని నాభి అనడంలోనూ ఈ కట్టుదలే ఉంది. “అరా ఇవ రథనాభౌ”, రథచక్రపు నాభిలో ఆకుల్లా, అని ముండకోపనిషత్తులోనూ ప్రశ్నోపనిషత్తులోనూ వస్తుంది. బండి చక్రాన్ని దగ్గరగా చూసినవారికి ఇది వెంటనే తెలుస్తుంది. ఆకులు అనే చక్రపు పుల్లలన్నీ ఒక కొసన విడివిడిగా చక్రపు అంచుకు చేరుతాయి, రెండో కొసన ఒకే కుండలో బిగుసుకుంటాయి. ఆ కుండ వదులైతే ఆకులు కదిలిపోతాయి, చక్రం చక్రంగా నిలవదు. అక్కడ కూడా నాభి అంటే ఆకులన్నిటినీ పట్టి ఉంచే చోటు.

ఇక యజ్ఞభూమికి వద్దాము. అగ్నిని నిలపడానికి కట్టే ఉత్తరవేది నడుమ చతురస్రంగా ఏర్పరచే చిన్న చోటికి నాభి అనే పేరు. “ఇళాయాస్త్వా పదే వయం నాభా పృథివ్యా అధి”, ఇళాదేవి అడుగుజాడలో, భూమి నాభిమీద నిన్ను మేము, అంటూ అగ్నిని నిలిపే ఋక్కు మూడవ మండలంలో ఉంది. ఆ ఇళాపదం ఉత్తరవేది నాభియేనని ఐతరేయ బ్రాహ్మణం స్పష్టంగా చెబుతుంది. ఇక్కడ నన్ను ఎప్పుడూ నిలబెట్టేది ఒక్క సంగతి: వైదిక యజ్ఞానికి శాశ్వతమైన గుడి లేదు. నేల కొలిచి, వేది కట్టి, అగ్నిని నిలిపిన చోటే ఆనాటికి భూమి నాభి. కర్మ ముగిసిన తరువాత మళ్ళీ మామూలు నేల. తైత్తిరీయ సంహిత “ఏతావతీ వై పృథివీ యావతీ వేదిః” అంటుంది, వేది ఎంతో భూమీ అంతే అని. అందుకే అంచు ఏదని అడిగితే వేదిని చూపించారు, నాభి ఏదని అడిగితే ఆ వేదిమీద జరుగుతున్న యజ్ఞాన్ని చూపించారు. కొలతగా చూస్తే అంచూ నడుమా ఒకచోట ఉండడం అసాధ్యం. ‘కేంద్రం’ అని రాసిన అనువాదం ఈ అసాధ్యాన్ని పాఠకుని కంటపడనివ్వదు.

పురాణాలలో ఈ నాభి స్థిరపడింది. భాగవతం అయిదవ స్కంధంలో ఇలావృతవర్షం అనే భూభాగపు నాభిలో మేరువు నిలిచి ఉంటుంది. భూమి తామరపువ్వయితే ఆ కొండ దాని దుద్దు. అక్కడ నాభి అంటే ‘నడుమ’ అనే అర్థమే ముందుకు వచ్చింది, కొలతలూ యోజనాల లెక్కలూ వచ్చాయి.

గ్రీకులకు ఆ చోటు డెల్ఫీ అనే పుణ్యక్షేత్రం. వారి దేవరాజు జ్యూస్ లోకపు రెండు కొసల నుంచి రెండు గద్దలను వదిలితే అవి డెల్ఫీలో కలుసుకున్నాయని, ఆ చోట ఒక రాతిని నిలిపారని కథ. ఆ రాతి పేరు ‘ఓంఫాలోస్’, అంటే బొడ్డు. అల్లిన వల వంటి చెక్కడం ఉన్న పాలరాతి ఓంఫాలోస్ ఒకటి నేటికీ డెల్ఫీ ప్రదర్శనశాలలో ఉంది. మన ‘నాభి’, గ్రీకు ‘ఓంఫాలోస్’, లాటిను ‘ఉంబిలికుస్’, ఇంగ్లీషు ‘నేవెల్’ ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుంచి పుట్టాయి. యాస్కుని మాటలో చెప్పాలంటే ఇవి సనాభులు. ‘కేంద్రం’ గ్రీకుల నుంచి మనం తెచ్చుకున్న అరువు, ‘నాభి’ వారితో మనకున్న పుట్టుక చుట్టరికం.

బైబిలులోని యెహెజ్కేలు గ్రంథం 38వ అధ్యాయంలో ‘తబ్బూర్ హా ఆరెత్స్’ అనే హీబ్రూ మాట వస్తుంది. దానిని గ్రీకులోకి మార్చినవారు ఓంఫాలోస్ అన్నారు. తెలుగు బైబిలులో ‘భూమి నట్టనడుమ’ అని ఉంది. ఆ తెలుగు అనువాదకులు ‘కేంద్రం’ జోలికి పోకుండా ‘నట్టనడుమ’ అనడం నాకు ఎంతో నచ్చుతుంది. నడుమకూ ఒంటిలోని నడుముకూ ఉన్న చుట్టరికం తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ చర్చలో ఒకరి అభ్యంతరం: మాట ఎక్కడినుంచి వచ్చినా ‘కేంద్రం’ ఇప్పుడు అందరికీ తెలిసినదే గదా. ‘లోకపు బొడ్డు’ అంటే మంత్రానికి ఉన్న గాంభీర్యం పోతుంది. అంత పట్టింపు ఉంటే ‘నాభి’ అని అలాగే ఉంచవచ్చు.

నా సమాధానం: ‘నాభి’ అని ఉంచితే తప్పు లేదు, కాని నేటి పాఠకుడు దానిని మనసులో మళ్ళీ కేంద్రంగానే మార్చుకుంటాడు. బొడ్డు అనే మాటలో నాకు తక్కువతనం కనబడదు. ‘నగరం నడిబొడ్డున’ అని పత్రికలు రోజూ రాస్తున్నాయి, ఎవరికీ అది అమర్యాదగా తోచదు. పసితనాన్ని చెప్పడానికి ‘బొడ్డూడని బిడ్డ’ అంటాము. అంటే పుట్టుక సంగతి కూడా ఈ మాటలో సజీవంగానే ఉంది. అయినా నేను ‘నడిబొడ్డు’ను వాడను, ‘నడి’ వస్తే మధ్యదూరపు లెక్క మళ్ళీ చేరుతుంది.

అంచూ నాభీ ఒకచోట కలవడం వేదకవి ఒక్కడి వింత కూడా కాదు. పసిఫిక్ సముద్రంలోని రాపా నుయి దీవిని ‘తె పితో ఒ తె హెనువా’ అంటారు. భూమి బొడ్డు అని దానికి ప్రసిద్ధమైన అర్థం. కాని ‘పితో’ అంటే కొస అని కూడా అర్థం ఉండడంతో, నేల కొస అనే అర్థాన్ని సమర్థించే పండితులూ ఉన్నారు. ఇన్కాల కుస్కో నగరం పేరుకు కూడా బొడ్డు అనే అర్థం చెబుతారు గాని, దానిని భాషావేత్తలు కొందరు అంగీకరించరు, కనుక దానిపై ఆధారపడను. గ్రీకులలోనూ ప్రాచీన కవి ఎపిమెనిదీసు ఈ విషయాన్ని ప్రశ్నించాడని ప్లూటార్క్ రాశాడు: నేలకు గాని సముద్రానికి గాని బొడ్డు లేదు, ఉంటే అది దేవతలకు తెలుసు, మనుషులకు కనబడదు అని. ప్లూటార్క్ స్వయంగా డెల్ఫీలో పూజారి అయి ఉండి కూడా ఆ మాటను దాచలేదు.

ఎపిమెనిదీసు కనబడదన్నదానినే వేదకవి ‘ఇదిగో’ అని చూపిస్తున్నాడు. ఋక్కులోని ‘ఇయం’, ‘అయం’ అనే సర్వనామాలు ఎదురుగా ఉన్నదానిని చూపించే మాటలు. ఈ ప్రశ్నోత్తరాలు వాజసనేయ సంహితలో అశ్వమేధపు బ్రహ్మోద్యంలో, అంటే ఋత్విజుల ప్రశ్నోత్తర ఘట్టంలో, కూడా వస్తాయి. అడిగేవారూ చెప్పేవారూ అక్కడ యజ్ఞభూమిలోనే ఉంటారు. ‘యజ్ఞమే విశ్వానికి కేంద్రం’ అన్న అనువాదం ‘నాభి’తోపాటు ఈ ‘అయం’ను కూడా వదిలేసి, కళ్ళముందున్న అగ్నిని ఒక సిద్ధాంతంగా మార్చింది. నేనైతే ఇలా రాస్తాను: “ఈ వేదియే నేలకు చివరి అంచు, ఇదిగో ఈ యజ్ఞమే లోకపు బొడ్డు.”