హైదరాబాద్‌లో మూడో తరగతి బాబు, డాలస్‌లో రెండో గ్రేడ్: బయల్దేరేలోపు ఏం నేర్పాలి?

నిజాంపేట అమ్మ:

అందరికీ నమస్కారమండీ. జులై చివర్లో డాలస్ వైపు వస్తున్నాం. బాబుకి నవంబర్‌లో ఎనిమిది నిండుతాయి. ఇక్కడ జూన్‌లో మూడో తరగతిలోకి వచ్చాడు. అక్కడ రెండులోనే వేస్తారంటున్నారు, ఏడాది పోయినట్టేనా? ఎక్కాలు పన్నెండు దాకా వచ్చు, కర్సివ్ వచ్చు, ఇంగ్లీష్ గడగడా చదివేస్తాడు. ఉన్న నెల రోజుల్లో ఏం నేర్పమంటారు? ఏ కాగితాలు పట్టుకురావాలి? లంచ్ బాక్స్ సంగతేంటి?

ప్లేనో బాబాయ్:

అమ్మా, టెక్సాస్‌లో తరగతి వయసును బట్టే. సెప్టెంబర్ 1 నాటికి నిండిన ఏళ్ళలోంచి 5 తీసెయ్యండి, మిగిలిందే గ్రేడ్. 5 నిండితే కిండర్‌గార్టెన్, 7 నిండితే రెండు. మూడులో వెయ్యమని బడివాళ్ళతో వాదన పెట్టుకోవద్దు. మూడో గ్రేడ్ నుంచి రాష్ట్రం పెట్టే పరీక్షలు మొదలవుతాయి. కొత్త దేశంలో దిగిన పిల్లాణ్ణి ఏడాది ముందే వాటికి కూర్చోబెట్టి సాధించేదేం లేదు.

ఇక కాగితాలు. మొదటిది ఇంటి అద్దె ఒప్పందం. మీరుండే అడ్రసే బడిని నిర్ణయిస్తుంది. ఒకే రోడ్డులో ఎదురెదురు అపార్ట్‌మెంట్లు వేరు వేరు బడుల కిందికి రావచ్చు. సంతకం పెట్టే ముందే ఆ ఐఎస్‌డీ (అక్కడి బడులన్నీ నడిపే స్థానిక సంస్థ) వెబ్‌సైట్‌లో అడ్రస్ కొట్టి ఏ బడి వస్తుందో చూసుకోండి. చేర్చేటప్పుడు ఒప్పందంతో పాటు కరెంటు బిల్లు కూడా అడుగుతారు.

జీహెచ్‌ఎంసీ బర్త్ సర్టిఫికెట్ ఒకసారి తీసి చూడండి. పుట్టినప్పుడు తీసుకున్న దాంట్లో చాలామందికి పిల్లల పేరు గడి ఖాళీగానే ఉంటుంది. మీసేవలో పేరు చేర్పించుకుని కొత్త కాపీ తెచ్చుకోండి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే వీసాలో పేరంతా సర్‌నేమ్ కిందికి పోయి, ముందు పేరు దగ్గర ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే ముందు పేరు తెలియదని) అని పడుతుంది. అదే బడి రిజిస్టర్‌లోకి ఎక్కితే టీచర్ మొదటి రోజు పిల్లాణ్ణి ‘ఫ్నూ’ అని పిలుస్తుంది, వాడు పలకడు. దరఖాస్తులో పిలుపు పేరు రాసే గడి వదిలెయ్యకండి.

టీకాల దగ్గరే ఎక్కువమంది ఇరుక్కుంటారు, కాస్త నిదానంగా చదవండి. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా టీకా) 2 డోసులు కావాలి, మొదటి డోసు ఏడాది నిండాకే పడి ఉండాలి. మన పిల్లల డాక్టర్లు తొమ్మిదో నెలలో వేసింది ఇక్కడ లెక్కలోకి రాదు. 15 నెలలకీ, నాలుగైదేళ్ళకీ వేసినవి ఉంటే సరిపోతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో వేసింది ఎంఆర్ మాత్రమే అయితే అందులో గవదబిళ్ళల టీకా లేనట్టే. చికెన్‌పాక్స్ 2, హెపటైటిస్ ఏ 2, హెపటైటిస్ బీ 3, పోలియో 4, డీటీపీ 5 డోసులు. నాలుగేళ్ళు నిండాక ఒక డోసు పడి ఉంటే పోలియో 3, డీటీపీ 4 చాలు. చికెన్‌పాక్స్, హెపటైటిస్ ఏ సర్కారు టీకాల పట్టికలో ఉండవు కాబట్టి కార్డులో వెతికి చూసుకోండి. తక్కువైనవి హైదరాబాద్‌లోనే వేయించండి. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ అయితే ఒకే రోజు వేయించాలి, లేదంటే మధ్యలో 28 రోజులు ఎడం ఉండాలి. అందుకే చివరి వారం దాకా ఆగొద్దంటున్నా.

డాక్టర్ గారితో తేదీలన్నీ నెల పేరు అక్షరాల్లో రాయించుకోండి. 05-07-2019 అని ఉంటే మనకది జులై 5, ఇక్కడి నర్సుకి మే 7. ఆ తేడాకే డోసు చెల్లదని వెనక్కి పంపే ప్రమాదం ఉంది.

రెండో గ్రేడ్ టీచరమ్మ:

చదువు సంగతి నేను చెప్తాను. ఏడాది పోయిందన్న బెంగ వద్దు. మీ బాబుకి వచ్చినవేవీ వృథా కావు. కాకపోతే వాటిని ఇక్కడ అడిగే తీరు వేరు. జవాబు ఎంతన్నది సగమే, ఎలా వచ్చిందో చెప్పడం మిగతా సగం.

52లోంచి 27 తీసెయ్యమంటే మన పిల్లలు నిలువుగా వేసి, అప్పు తెచ్చి, 25 అని క్షణంలో రాసేస్తారు. ఎలా చేశావని అడిగితే ‘బారో చేశా’ అని ఆగిపోతారు. అప్పు ఎక్కణ్ణుంచి తెచ్చావు, 5 ఎందుకు 4 అయింది అంటే నోట మాట ఉండదు. అక్కడ మార్కు పోతుంది. ఇంట్లో అగ్గిపుల్లలు పదేసి చొప్పున రబ్బర్ బ్యాండ్ వేసి కట్టలు కట్టండి. 52 అంటే అయిదు కట్టలు, రెండు పుల్లలు. ఏడు పుల్లలు తీయాలంటే రెండే ఉన్నాయి కనుక ఒక కట్ట విప్పాలి. ఇప్పుడు నాలుగు కట్టలు, 12 పుల్లలు. విప్పింది వాడి చేత్తోనే జరగాలి, చెప్పేది వాడి నోటితోనే రావాలి. రెండో దారి సంఖ్యారేఖ: 27 నుంచి 30కి 3, అక్కణ్ణుంచి 50కి 20, 52కి ఇంకో 2, మొత్తం 25. ఒకే లెక్కకి రెండు దారులు చూపించమని పరీక్షలోనే అడుగుతారు. రోజూ పది నిమిషాలు చాలు, పదిహేను లెక్కలు చేయించాల్సిన పని లేదు. మూడు చేయించి మూడూ చెప్పించండి.

ఎక్కాలు రెండో గ్రేడ్‌లో పెద్దగా కనబడవు. సమాన గుంపులు చెయ్యడం దాకానే ఉంటుంది. మూడో గ్రేడ్‌లో 10 పదుల దాకా నోటికి రావాలి, అప్పుడు మీవాడికి సుఖం. డబ్బుల పాఠం మాత్రం మన పిల్లల్ని తికమక పెడుతుంది. మన రూపాయి బిళ్ళ మీద అంకె ఉంటుంది. ఇక్కడి నాణేల మీద విలువ అంకెల్లో ఉండదు, మాటల్లోనే రాసి ఉంటుంది. పైగా 10 సెంట్ల డైమ్, 5 సెంట్ల నికెల్ కన్నా చిన్నది. దిగిన వారంలోనే నాలుగు రకాల నాణేలు చేతికిచ్చి లెక్కపెట్టించండి. ముళ్ళ గడియారంలో నిమిషంతో సహా టైం చెప్పడం కూడా ఈ గ్రేడ్‌లోనే ఉంది. కొలతలు అంగుళాల్లో, అడుగుల్లో వస్తాయి, ఒక స్కేలు చేతికిస్తే చాలు.

గడగడా చదువుతాడన్నారు. ఏడాదిలో మూడుసార్లు చదువు పరీక్ష ఉంటుంది. చాలా చోట్ల ఒక నిమిషం చదివించి తప్పుల్లేకుండా ఎన్ని పదాలు చదివాడో లెక్కపెడతారు. అందులో మన పిల్లలు బాగానే నెగ్గుతారు. కథ మళ్ళీ చెప్పమన్నప్పుడే చిక్కంతా. చుక్క దగ్గర ఆగకుండా పరిగెత్తినవాడికి కథ గుర్తుండదు. ఎవరు, ఎక్కడ, ఏం చిక్కొచ్చింది, ఎలా తీరింది అని నాలుగు వేళ్ళు మడిచి చెప్పించండి. ఆ తర్వాత ‘ఆ పిల్లకి కోపమొచ్చిందని నీకెలా తెలుసు? ఏ వాక్యంలో ఉంది?’ అని వేలు పెట్టి చూపించమనండి. తెలుగు కథతో చేయించినా పనికొస్తుంది, నిజానికి మొదటి వారం తెలుగులోనే చేయించండి.

రాతలో మన అలవాటు ‘మై స్కూల్’, ‘మై ఫ్యామిలీ’ మీద పది వాక్యాలు బట్టీ పట్టడం. ఇక్కడ తన జీవితంలోంచి ఒక చిన్న సంగతి తీసుకుని మొదలు, నడుమ, చివర రాయమంటారు. ట్యాంక్‌బండ్ మీద వాన పడితే ఎక్కడ నిలబడ్డామో రాసినా చాలు. మొదటి చిత్తులో స్పెల్లింగ్ తప్పుంటే టీచర్ దిద్దదు, మీరూ దిద్దకండి. తప్పు పోతుందేమోనన్న భయంతో తెలిసిన చిన్న మాటలే రాసి ఊరుకుంటారు పిల్లలు. కర్సివ్ మరిచిపోనివ్వకండి. టెక్సాస్‌లో అది రెండో గ్రేడ్‌లోనే మొదలవుతుంది. విడి అక్షరాలు కూడా చక్కగా రావాలి.

రోజు ఎలా నడుస్తుందంటే, పొద్దున మైకులో ప్రకటనలు, అమెరికా జెండాకీ టెక్సాస్ జెండాకీ ప్రతిజ్ఞలు, ఆపైన ఒక నిమిషం మౌనం. ప్రతిజ్ఞ చెప్పించడం ఇష్టం లేకపోతే తల్లిదండ్రులు రాసిస్తే చాలు, మినహాయిస్తారు. తర్వాత తివాచీ మీద బాసింపట్టు వేసుకుని పాఠం, పావుగంటకి మించదు. అది అవగానే తరగతి గుంపులుగా విడిపోతుంది. నలుగురైదుగురు టీచర్ దగ్గర, మిగతావాళ్ళు తలా ఒక మూల: ఒక చోట చదవడం, ఒక చోట లెక్కల ఆట, ఒక చోట కంప్యూటర్. పావుగంటకో ఇరవై నిమిషాలకో గుంపులు మారతాయి. బోర్డు మీంచి ఎక్కించుకునే అలవాటున్న పిల్లలు ఇక్కడే బిక్కచచ్చిపోతారు, ఏం చెయ్యాలో ఎవరూ వచ్చి చెప్పరు కదా. బొమ్మల పట్టీ చూసి తనే కదలాలి. ఇంట్లో సాధన: ఒకేసారి మూడు పనులు చెప్పండి, ‘పుస్తకం అరలో పెట్టు, పెన్సిల్ చెక్కుకో, వచ్చి చాప మీద కూర్చో’ అని. రెండోసారి చెప్పకండి. మొదట్లో రెండు మర్చిపోతాడు, పర్లేదు.

టీచర్‌ని ‘మిస్’ అనో ‘మేడమ్’ అనో కాకుండా మిసెస్, మిస్టర్ చేర్చి ఇంటిపేరుతో పిలవాలి. టీచర్ వస్తే లేచి నిలబడక్కర్లేదు. బాత్రూమ్‌కి వెళ్ళాలంటే చెయ్యెత్తాలి, లేదా ఆ తరగతిలో పెట్టుకున్న వేళ్ళ సైగ చెయ్యాలి. ఇది మొదటి రోజే అడిగి తెలుసుకోమనండి. సిగ్గుపడి బిగపట్టుకునే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. ఇంకోటి, లాక్‌డౌన్ డ్రిల్ అని లైట్లు ఆర్పి, తలుపు గడియ వేసి, మూలన చప్పుడు లేకుండా కూర్చోబెడతారు. సాధన మాత్రమేనని ముందే చెప్పి ఉంచండి, లేకపోతే హడలిపోతాడు.

కూకట్‌పల్లి తమ్ముడు:

అక్కా, డబ్బా ముచ్చట నేను చెప్త. లంచ్ టైం అరగంట అంటరు గానీ లైన్ల నడిచిపోయి, కూసొని, మూత తీసేసరికి ఇరవై నిమిషాలే మిగుల్తది. ఆయమ్మలు ఉండరు, ఎవరూ తినిపియ్యరు. ఇప్పటిసంది టైమర్ పెట్టి బాబు ఒక్కడే తినేటట్టు అలవాటు చెయ్యుండ్రి. మూత వాడే తియ్యాలె, వాడే పెట్టాలె. గట్టి స్టీల్ డబ్బాలు పిల్లలతోని రావు, ఆడ మైక్రోవేవ్ కూడ పిల్లలకియ్యరు.

వేడి అన్నం పంపాలంటే వెడల్పు మూతి థర్మాస్ తీస్కోండ్రి. మసిలే నీళ్ళు పోసి అయిదు నిమిషాలు మూత పెట్టి, పారబోసి, తుడిచి, అప్పుడు పొగలు కక్కే అన్నం నింపాలె. ఊరికె నింపితే పదకొండింటికే సల్లగైతది. సగం నింపినా గంతే, నిండుగ పెట్టాలె. పెరుగన్నం అయితే ఇన్సులేటెడ్ సంచిల ఐస్ ప్యాక్ తోని పెట్టుండ్రి.

పల్లీల సంగతి మర్వొద్దు. కొన్ని క్లాసులు నట్స్ లేనివి, తరగతిల తినే స్నాక్‌కు అయితే మరీ పట్టింపు. మన పులిహోరల పల్లీలు, ఉప్మాల జీడిపప్పు, ఇడ్లీకి పల్లీ చట్నీ, అన్నీ అండ్లకే వస్తయి. శాకాహారులైతే ఇంకోటి చూస్కోండ్రి: పార్టీల ఇచ్చే మార్ష్‌మాలోలు, గమ్మీలల్ల జెలటిన్ ఉంటది. బాబుకు ముందే చెప్పుండ్రి, టీచర్‌కు ఒక మెయిల్ కొట్టుండ్రి.

బ్యాగుల క్రోసిన్, దగ్గు సిరప్ పెట్టి పంపొద్దు. మందు ఏదైనా ఒరిజినల్ డబ్బాల, ఫారం నింపి, పెద్దోళ్ళే నర్సుకు ఇయ్యాలె. జ్వరం 100 ఫారెన్‌హీట్ దాటితే పిలిచి తోలిస్తరు. మందు లేకుండ 24 గంటలు జ్వరం లేకపోతేనే మళ్ళ రానిస్తరు.

నిజాంపేట అమ్మ:

చాలా థాంక్సండీ. ఇంకొక్కటి. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఫారం ఇస్తారట కదా? ఇంగ్లీష్ అని రాసేస్తే ఈఎస్‌ఎల్ (ఇంట్లో వేరే భాష ఉన్న పిల్లలకి ఇంగ్లీష్‌లో ఇచ్చే సాయం) గొడవ ఉండదని ఒకరన్నారు. అలా రాయొచ్చా?

రెండో గ్రేడ్ టీచరమ్మ:

ఇంట్లో ఎక్కువగా ఏ భాష నడుస్తుందో, పిల్లాడు ఎక్కువగా ఏది మాట్లాడతాడో అదే రాయండి. ఇంగ్లీష్ కాని భాష రాస్తే బడివాళ్ళు ఇంగ్లీష్ పరీక్ష పెడతారు. చేరిన నాలుగు వారాల్లోపు ఈ తతంగం పూర్తవ్వాలి. రెండో గ్రేడ్‌లో వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం నాలుగూ చూస్తారు. మన పిల్లలు తప్పేది చాలావరకు మాట్లాడడంలో. బొమ్మ చూపించి ఏం జరుగుతోందంటే ‘బాయ్, డాగ్’ అని ఊరుకుంటారు. వాడికి ఇంగ్లీష్ రాదని కాదు, పూర్తి వాక్యం చెప్పాలని ఎవరూ అనలేదంతే. ఏ బొమ్మల పుస్తకమైనా తీసుకుని ఒక్కో బొమ్మకి మూడు పూర్తి వాక్యాలు చెప్పించండి, గొంతు వినబడేలా.

ఈఎస్‌ఎల్‌లోకి వచ్చినా తరగతి మార్చేయరు, వెనకేయరు. తల్లిదండ్రులు వద్దని సంతకం పెట్టొచ్చు, కానీ రాష్ట్రం ప్రమాణాల ప్రకారం ఇంగ్లీష్ వచ్చిందని తేలేదాకా టెల్పాస్ అనే రాష్ట్ర ఇంగ్లీష్ పరీక్ష ఏటా రాయాల్సిందే. సాయం వదులుకుని పరీక్ష మాత్రం మిగుల్చుకోవడం నాకైతే తెలివైన బేరంగా అనిపించదు. పరీక్ష అయిపోయాక ఫారంలో జవాబు మార్చుకుంటామంటే కుదరదు.

ప్లేనో బాబాయ్:

ప్రయాణాల విషయం కూడా ముందే చెప్పేస్తా, టికెట్లు చవకగా ఉన్నాయని సంక్రాంతికి నెల రోజులు వెళ్ళేవాళ్ళున్నారు. టెక్సాస్‌లో 90 శాతం హాజరు ఉండాలి. అనుమతి లేకుండా నాలుగు వారాల్లో 3 రోజులు మానితే నోటీసు వస్తుంది, ఆరు నెలల్లో 10 రోజులైతే కేసు దాకా వెళ్ళొచ్చు. పండగ రోజుకీ, దానికోసం చేసే ప్రయాణానికీ ముందుగా రాసిస్తే సెలవు ఇస్తారు, నెలకి మాత్రం కాదు. డిసెంబర్ చివర రెండు వారాల సెలవుల్లోనే సర్దుకోండి.

సామాను విషయానికొస్తే, నోట్‌బుక్కులు, అట్టలు, లేబుళ్ళు కోఠీలో కొని మోసుకురావద్దు. ప్రతి బడీ గ్రేడ్ వారీగా తన పట్టీ తనే ఇస్తుంది. క్రేయాన్లు ఎన్ని, జిగురు పుల్లలు ఎన్ని అని లెక్కతో సహా. చాలా తరగతుల్లో అవన్నీ అందరూ వాడుకునేలా ఒకే డబ్బాలో వేస్తారు, పేర్లు రాయించకండి. ఆగస్టు మొదట్లో ఒక వారాంతం శుక్రవారం నుంచి ఆదివారం దాకా 100 డాలర్లలోపు బట్టలకీ, బ్యాగులకీ, చాలా రకాల బడి సామానుకీ సేల్స్ ట్యాక్స్ ఉండదు. మీరు దిగేది సరిగ్గా అప్పుడే. హైదరాబాద్ నుంచి తేవాల్సినవి తెలుగు కథల పుస్తకాలు, ఒక జత అదనపు కళ్ళద్దాలు (వాడుతుంటే), కిందటేడు ప్రోగ్రెస్ రిపోర్టు. పళ్ళకి ఏదైనా పని ఉంటే అక్కడే చేయించుకుని రండి.

కూకట్‌పల్లి తమ్ముడు:

అక్కా, స్మార్ట్‌వాచ్ కొనకుండ్రి. 2025 నుంచి టెక్సాస్ సర్కారు బడులల్ల ఫోన్లు, వాచ్‌లు బడి టైంల బంద్. సాయంత్రం కారుల తీస్కపోయేటోళ్ళకు నంబర్ కార్డు ఇస్తరు, ముందు అద్దానికి తగిలియ్యాలె. కారు దిగొద్దు, లైన్ దాటొద్దు, టీచరే బాబును తెచ్చి ఎక్కిస్తది. ఒకరోజు వేరేటోళ్ళు తీస్కపోవాలంటే ఆఫీసుకు మధ్యాహ్నమే చెప్పాలె, వాళ్ళ పేరు మీ లిస్టుల ఉండాలె. ఐడీ చూడనిది ఎవ్వరికీ ఇయ్యరు, తాతకైనా సరే.