గ్రాంటు తీసుకుంటే ఛానెల్ మనదేనా, ఇచ్చినవాళ్లదా?

కెమెరాసంచి (అనంతపురం)
నలుగురం కలిసి రెండేళ్లుగా యూట్యూబ్‌లో ఒక చిన్న వార్తా ఛానెల్ నడుపుతున్నాం. తాగునీళ్లు, పంటల బీమా, ఉపాధి హామీ కూలి, ఇవే మా వార్తలు. వచ్చేది నెట్ బిల్లుకూ బండి పెట్రోలుకూ చాలడం లేదు. ఇప్పుడు ఒక ట్రస్టు ఏడాదికి గ్రాంటు ఇస్తామంటోంది. వార్తల జోలికి రామని మాటిచ్చారు, మూడు నెలలకోసారి రిపోర్టు మాత్రం ఇవ్వాలట. మాలో ఇద్దరు తీసుకుందామంటున్నారు, ఇద్దరు వద్దంటున్నారు. మొహమాటం లేకుండా చెప్పండి.

పాతకడప
వద్దన్నా. వాళ్లు జోలికి రారనే అనుకుందాం. ఇవ్వడం మానేసిన రోజు మీ గతేంటి? అమెరికాలో పబ్లిక్ రేడియో, టీవీ స్టేషన్లకు ప్రభుత్వ డబ్బు అందించడానికి 1967లో ఒక కార్పొరేషన్ పెట్టారు. రెండేళ్లకు కేటాయించిన 110 కోట్ల డాలర్లను 2025 జూలైలో వాళ్ల కాంగ్రెస్ వెనక్కి తీసేసుకుంది. ఆగస్టు 1న ఆ కార్పొరేషన్ మూసేస్తున్నామని ప్రకటించింది. పెద్ద ఊళ్ల స్టేషన్లు చందాలతో నెట్టుకొస్తాయి, దెబ్బ పడేది పల్లె స్టేషన్ల మీదే. అంత పెద్ద ఏర్పాటుకే దిక్కు లేదు, ఏడాది గ్రాంటు మీకు ఏ మూలకు?

మాజీలోగో (కర్నూలు)
అప్పా, ఇప్పుడున్న డబ్బు ఏమన్నా మడి కట్టుకుని వస్తోందా? నేను ఆరేళ్లు ఒక ఛానెల్‌కు మండలంలో పనిచేసినా. జీతం లేదు. లోగో ఇస్తారు, దాంతోపాటు యాడ్ టార్గెట్ ఇస్తారు. జనవరి 26, ఉగాది, ఆగస్టు 15, నాయకుడి పుట్టినరోజు... మా పండగలన్నీ వసూళ్ల క్యాలెండరే.

ఒకసారి మొలకెత్తని పత్తి విత్తనాల మీద షూట్ చేశా. ఆ రైతు సాలు వెంబడి కూర్చుని, వేలితో మట్టి తవ్వి, ఒక గింజ తీసి నా అరచేతిలో పెట్టాడు. నొక్కితే లోపల బూజు. సాయంత్రం ఫుటేజ్ పంపబోతే గుర్తొచ్చింది, ఆ విత్తనాలు అమ్మిన షాపాయన ఆగస్టు 15 యాడ్‌కు అడ్వాన్స్ ఇచ్చి వారం కాలేదు. ఎవరూ ఫోన్ చేయలేదు, ఎవరూ బెదిరించలేదు. నేనే పంపలేదు. గ్రాంటు ఉంటే పంపేవాడిననే అనుకుంటా.

పాతకడప
అన్నా, నీ మాట కాదనను. కానీ గ్రాంటుకూ ఒక క్యాలెండరుంటుంది. నీళ్ల మీద డబ్బిస్తే నీళ్ల మీదే పన్నెండు వీడియోలు వస్తాయి. అదే నెలలో రేషన్ బియ్యం లారీ పట్టుబడితే, అది మన ప్రాజెక్టులో లేదంటారు. అబద్ధం చెప్పమని ఏ దాతా అడగడు. ఏది చూడాలో మాత్రం ముందే రాసిస్తాడు.

లాపాయింట్ (అనంతపురం)
ముందు ఆ ట్రస్టు డబ్బు ఎక్కడిదో అడగండి. 2010 ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 3వ సెక్షన్ ప్రకారం ఆడియో, వీడియో వార్తలూ వర్తమాన వ్యవహారాల కార్యక్రమాలూ చేసే సంస్థలు విదేశీ విరాళం తీసుకోకూడదు. ఏ ఎలక్ట్రానిక్ మాధ్యమమైనా అంతే, యూట్యూబే కదా అంటే కుదరదు. పూర్తిగా స్వదేశీ డబ్బైనా లెక్కలు పక్కాగా ఉంచుకోండి. బెంగళూరులో 2015లో ఐపీఎస్ఎంఎఫ్ అని ఒక ఫౌండేషన్ మొదలైంది. అజీమ్ ప్రేమ్‌జీ లాంటివాళ్ల విరాళాలతో స్వతంత్ర మీడియాకు గ్రాంట్లు ఇస్తుంది. 2022 సెప్టెంబరులో దాని ఆఫీసుకూ ఇన్‌కంట్యాక్స్ వాళ్లు సర్వేకు, అంటే లెక్కల తనిఖీకి, వెళ్లారు.

ప్రొద్దుటూరు పిన్ని
ఇంత టెన్షన్ ఎందుకు నాయనా, కమ్యూనిటీ రేడియో పెట్టుకోకూడదా? జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత ఆడవాళ్లు 2008 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారు కదా.

లాపాయింట్
పిన్నీ, అందులో సొంతంగా వార్తలు చదవనివ్వరు. ఆకాశవాణి బులెటిన్‌ను మార్చకుండా వినిపించాలి, అంతే. 2024లో యాడ్ల సమయం గంటకు 12 నిమిషాలకు పెంచారు, ప్రభుత్వ ప్రకటనకు 10 సెకన్లకు 74 రూపాయలు. కాగితం మీద గంటకు 5,328 వస్తుంది. గంటకు 72 యాడ్లు ఇచ్చేదెవరో మాత్రం కాగితం మీద లేదు. 1995లో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పిచ్చింది. ఆ బెంచిలో మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి కూడా ఉన్నారు. ఆస్తి మనదే, వార్త చదివే హక్కే ఇంకా రాలేదు.

అరటితోట (పులివెందుల వైపు)
నేను తీసుకోమనే అంటా. తుమ్మలపల్లె యురేనియం ప్లాంటు వ్యర్థాలు వదిలే చెరువు (టెయిలింగ్ పాండ్) పక్కన కొట్టాల ఊరుంది. బోర్ల నీళ్లు పాడయ్యాయి, అరటి ఎండిపోతోందని రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. ఛానెళ్లు రాలేదని కాదు, వచ్చాయి. రైతు ఏడుస్తుంటే తీసుకున్నాయి, పోయాయి. నీళ్లు సీసాలో పట్టి, మూత మీద బోరు పేరూ తేదీ రాసి, ల్యాబుకు పంపి, వానాకాలం అయ్యాక అదే బోరు దగ్గరికి మళ్లీ వచ్చినవాళ్లను నేను చూడలేదు. రెండోసారి రావడానికి డబ్బు కావాలి. అది యాడ్లలో రాదు.

పాతకడప
అక్కా, ఆ రెండోసారికి జనాన్నే అడగొచ్చు కదా? మా రాయచోటి, రాజంపేట వైపు ఇంటికొకరు కువైట్‌లో ఉన్నారు. నెలకు వంద వేయమంటే వేస్తారు.

లాపాయింట్
కువైట్ వాళ్లది ఇండియా పాస్‌పోర్టే కాబట్టి సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మీ మేనమామ పంపితే వస్తుంది. ఎవరిది ఏ పాస్‌పోర్టో అడిగే ఓపిక ఉంటే చేసుకోండి.

కెమెరాసంచి
అందరికీ థ్యాంక్స్. ఇవాళ నలుగురం కూర్చున్నాం. ట్రస్టు వాళ్లను రెండు అడుగుతున్నాం. ఒకటి, డబ్బు టాపిక్ పేరుతో కాకుండా జీతాలకూ తిరుగుడు ఖర్చుకూ ఇవ్వాలి. రెండు, ఎవరు ఎంతిచ్చారో ప్రతి వీడియో కింద పెడతాం, దానికి ఒప్పుకోవాలి. రెండోదానికి వెంటనే సరే అన్నారు. మొదటిదానికి బోర్డును అడగాలట. వాళ్లు ఒప్పుకోకపోతే ఏం చేయాలో మాలో మాకే కుదరలేదు, ఒకడైతే అలిగి టీ కూడా తాగకుండా పోయాడు.

అరటితోట
బోర్డు ఏమన్నా అననీ, వానలు మొదలవకముందు ఒకసారి రండి. సీసాలు నేను కడిగి పెడతా.