2019-20 స్వర్ణం లూలియోకు ఇచ్చి ఉండాల్సిందా?

ఎలుగుబంటి96:
2025 ఐస్ హాకీ ఫైనల్ సిరీస్‌లో లూలియో జట్టు 4-2 మ్యాచ్‌లతో బ్రూనేస్‌ను ఓడించి స్వీడన్ ఛాంపియన్ అయింది, అంటే స్వర్ణం గెలిచింది. 1996లో మొదటిది, ఇది రెండో స్వర్ణమని అందరూ రాశారు. నా లెక్కలో ఇది మూడోది కావాలి. మధ్యలో ఒకటి మా చేతిదాకా వచ్చి పోయింది.

కొత్తవాళ్ళ కోసం సంగతి చెబుతాను. ఎస్‌హెచ్‌ఎల్ అంటే స్వీడన్‌లో ఐస్ హాకీ అగ్రశ్రేణి లీగ్. 14 జట్లు, ఒక్కో జట్టుకు 52 మ్యాచ్‌లు. మామూలు సమయంలో గెలిస్తే 3 పాయింట్లు, ఓవర్‌టైమ్‌లోనో షూటౌట్‌లోనో గెలిస్తే 2, అలా ఓడినవాళ్ళకు 1. సెప్టెంబర్‌లో మొదలై మార్చిదాకా నడుస్తుంది, ఆ తర్వాత ప్లేఆఫ్స్, అంటే పైజట్లు ఒకదానితో ఒకటి సిరీస్‌లు ఆడి ఛాంపియన్‌ను తేల్చే దశ. 2019-20లో ఆ 52 రౌండ్లూ పూర్తయ్యాయి. పట్టికలో మొదటి పేరు లూలియోది. 2020 మార్చి 15న కరోనా వల్ల మిగిలిన సీజన్ రద్దు చేసి, ఆ ఏడాదికి ఛాంపియనే లేరని తేల్చేశారు.

ఒక్క విషయం ఆలోచించండి. లూలియో ఊరు ఆర్కిటిక్ వృత్తానికి కాస్త దిగువన ఉంటుంది. పక్కనే ఉన్న ప్రత్యర్థి అంటే షెలెఫ్టియో ఒక్కటే. దక్షిణాన మాల్మోతో ఆడాలంటే రోడ్డు మీద దాదాపు 1,500 కిలోమీటర్లు. సీజన్ పొడవునా ఈ ప్రయాణాలు చేస్తూ, గాయాలు తట్టుకుంటూ అందరికంటే పైన నిలిచిన జట్టుకు దక్కింది ఏమిటి? అదే ఏడాది ఫ్రాన్స్ ఫుట్‌బాల్‌లో సీజన్ పూర్తవకుండానే పట్టికలో పైనున్న పీఎస్‌జీ క్లబ్బుకు టైటిల్ ఇచ్చేశారు. మాది పూర్తయిన పట్టిక కదా!

గోతెన్‌బర్గ్ బాబాయ్:
బాబూ, నీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఒప్పుకోను. ఫుట్‌బాల్‌లో పట్టికే టైటిల్ తేలుస్తుంది, అందుకే అక్కడ ఆ ప్రశ్న వచ్చింది. అక్కడ కూడా నెదర్లాండ్స్‌లో అయాక్స్ పైనున్నా ఎవరికీ ఇవ్వలేదు. మన ఆటలో 1975-76లో ఎలిట్‌సేరియన్ (ఎస్‌హెచ్‌ఎల్ పాత పేరు) పుట్టినప్పటి నుంచీ స్వర్ణం ప్లేఆఫ్స్‌లోనే తేలుతోంది. సెప్టెంబర్‌లో మంచు మీద కాలు పెట్టే ప్రతి ఆటగాడికీ ఈ సంగతి తెలుసు. 2018-19లో పట్టికలో మొదట ఫార్యెస్తాద్, స్వర్ణం మా గోతెన్‌బర్గ్ జట్టు ఫ్రోలుండాది. 2021-22లో పైన రోగ్లే, చివరికి గెలిచింది ఫార్యెస్తాద్, అదీ ఫైనల్లో 7 మ్యాచ్‌లు ఆడి మీ లూలియో మీదే.

7 మ్యాచ్‌ల సిరీస్ అంటే వేరే ఆట. లీగ్‌లో ఒక రాత్రి చెడితే రెండు రోజుల్లో వేరే జట్టు వస్తుంది, మరిచిపోవచ్చు. ప్లేఆఫ్స్‌లో ఎదురుగా మళ్ళీ వాళ్ళే. మూడో మ్యాచ్‌కల్లా నీ పవర్‌ప్లేలో, అంటే వాళ్ళ ఆటగాడు శిక్షపడి బయట కూర్చున్నప్పుడు, పక్ (మంచు మీద కొట్టే రబ్బరు బిళ్ళ) ఎవరి దగ్గర్నుంచి ఎవరికి వెళ్తుందో మంచు మీద మిగిలిన వాళ్ళ నలుగురికీ కంఠస్థం. నీ బెస్ట్ సెంటర్ (దాడిని నడిపే ఆటగాడు) మంచు మీదకు దిగగానే అతన్ని ఆపడానికే పెట్టుకున్న లైన్‌ను, అంటే కలిసి దిగే ఆటగాళ్ళ బృందాన్ని, వాళ్ళ కోచ్ దింపుతాడు. దానికి అవతలి గోల్‌కీపర్ ఫామ్‌లో ఉంటే ఇక టెన్షనే. ఈ పరీక్ష రాయని జట్టును ఛాంపియన్ అని ఎలా అంటాం?

బ్లూలైన్:
మరి ఆగొచ్చు కదా? ఉత్తర అమెరికా లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ మార్చిలో ఆగి, టొరంటో, ఎడ్మంటన్‌లలో బబుల్ పెట్టి సెప్టెంబర్ చివర్లో టాంపా బే జట్టుకు కప్ ఇచ్చింది.

గోతెన్‌బర్గ్ బాబాయ్:
వాళ్ళకు టీవీ డబ్బుంది. ఇక్కడ క్లబ్బుకు ప్రేక్షకులే ప్రాణం, ప్లేఆఫ్ టికెట్ల మీదే ఎంతో ఆధారపడతారు. పైగా ఆటగాళ్ళ కాంట్రాక్టులు మామూలుగా ఏప్రిల్ చివరితో అయిపోతాయి. ఫిన్లాండ్, జర్మనీ, స్విట్జర్లాండ్ కూడా ఆపేశాయి. ఎక్కడా ఛాంపియన్ లేరు.

ఉమియో నుంచి:
మీ ఇద్దరూ పై అంతస్తు గురించే మాట్లాడుతున్నారు. కింది డివిజన్ హాకీఆల్‌స్వెన్స్కాన్‌లో ఆ ఏడాది పట్టికలో మొదట నిలిచింది మా ఉమియో జట్టు బ్యోర్క్‌లోవెన్. 1987లో స్వీడన్ ఛాంపియన్ అయిన క్లబ్ అది. 2001లో కిందికి దిగింది. అన్నేళ్ళ తర్వాత తలుపు దాకా వస్తే, పైకి వెళ్ళేవాళ్ళూ లేరు, కిందికి దిగేవాళ్ళూ లేరు అన్నారు. లూలియోకు పోయింది ఒక కప్పు. మాకు పోయింది పై లీగ్‌లో చోటు, దాంతో వచ్చే ఆదాయం, ఆటగాళ్ళను నిలుపుకునే అవకాశం. ఊళ్ళో ఈ కోపం ఇంకా చల్లారలేదు.

బాబాయ్, మీరు పట్టికతో ఏమీ తేలదంటున్నారు. కానీ తర్వాతి ఛాంపియన్స్ హాకీ లీగ్‌కు (ఐరోపా క్లబ్బుల పోటీ) స్వీడన్ నుంచి లూలియో, ఫార్యెస్తాద్, రోగ్లే, షెలెఫ్టియోలను ఎంపిక చేసింది ఆ పట్టికే కదా? ఐరోపా చోట్లు ఇవ్వడానికి పనికొచ్చింది, మాకు మాత్రం పనికి రాలేదు. ఇదెక్కడి న్యాయం?

ఎలుగుబంటి96:
సరిగ్గా చెప్పారు అన్నా. మహిళల లీగ్‌లో కూడా లూలియో, హెచ్‌వీ71 జట్ల ఫైనల్ మధ్యలోనే ఆగిపోయింది. ఒకే ఊరికి రెండు దెబ్బలు.

గోతెన్‌బర్గ్ బాబాయ్:
ఉమియో బాబూ, నీ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఐరోపా చోట్లకు ఏదో ఒక కొలత కావాలి, పట్టిక వాడారు, అది సరే. అదే కొలత మీకు వాడకపోవడం అన్యాయమే.

ఎలుగుబంటికి మాత్రం ఒక ప్రశ్న. 2024-25లో కింది డివిజన్ నుంచి అప్పుడే పైకొచ్చిన బ్రూనేస్ పట్టికలో మొదట నిలిచింది. నువ్వు సంబరపడుతున్న స్వర్ణం వాళ్ళ మీద గెలిచిందే. పట్టికే గొప్పదైతే అది బ్రూనేస్‌కు ఇచ్చేస్తావా?

ఎలుగుబంటి96:
ఇవ్వను బాబాయ్. ఎందుకంటే 2025లో ప్లేఆఫ్స్ జరిగాయి, బ్రూనేస్ ఓడింది. 2020లో మమ్మల్ని మంచు మీద ఎవరూ ఓడించలేదు. ఆడి ఓడితే నోరు మూసుకుంటాను. 2022లో ఫార్యెస్తాద్ చేతిలో 4-3తో పోతే ఒక్క మాటైనా అన్నానా? ప్లేఆఫ్స్ జరగని ఏడాదికి 52 మ్యాచ్‌ల లెక్క తప్ప వేరే ఏ లెక్క మిగిలింది?

బ్లూలైన్:
ఇది నిబంధనల్లో ముందే ఉంటే గొడవే ఉండేది కాదు. లీగ్ దశ మొత్తం పూర్తయ్యాక ప్లేఆఫ్స్ రద్దయితే మొదటి జట్టే ఛాంపియన్, కింది డివిజన్‌లో మొదటి జట్టు పైకి. అప్పుడు ఒప్పుకుంటారా బాబాయ్?

గోతెన్‌బర్గ్ బాబాయ్:
రెండోదానికి ఇప్పుడే సంతకం పెడతాను. మొదటిదానికి సగమే. లీగ్ విజేత అని అధికారికంగా ప్రకటించండి, బహుమతి డబ్బు ఇవ్వండి, అరీనా పైకప్పుకు బ్యానర్ కట్టుకోమనండి, నేనూ చప్పట్లు కొడతాను. 1926 నుంచి చేతులు మారుతున్న లె మా ట్రోఫీ, అంటే స్వీడన్ ఛాంపియన్ కప్పు, మాత్రం ఫైనల్ ఆడకుండా ఎవరికీ వద్దు. పట్టికలో పైనున్నది మా ఫ్రోలుండా అయినా ఇదే అంటాను.