అప్‌డేట్: నొక్కకుండానే మోగే హార్మోనియం మెట్టు బాగైంది (విజయవాడ)

మెట్టు నొక్కకపోయినా 'ప' స్వరం ఆగకుండా మోగుతోందని అడిగాను కదా, సమస్య తీరింది. అందరికీ థాంక్స్. "మెట్టు కింద స్ప్రింగు చూడండి" అన్నవారి మాటే నిజమైంది. గవర్నర్‌పేటలో రిపేరు చేసే పెద్దాయన పై పలక విప్పి చూపించారు: స్ప్రింగు సడలింది, గాలి రంధ్రాన్ని మూసే తోలు గట్టిపడి అంచు లేచింది. ఆ సందులోంచి గాలి పోయి రీడు (గాలికి కంపించి స్వరం పలికే లోహపు రేకు) మోగేది. రెండూ మార్చారు, అరగంట పని. రీడుకు తుప్పు లేదు, శ్రుతి చేయించే అవసరమూ రాలేదు. ఎండకు చెక్క వంగిందేమోనన్న నా టెన్షన్ కూడా అనవసరమే.

ఈ వారం ఎండలకు ఇల్లు కదల్లేదు. మధ్యాహ్నం తలుపులు మూసుకుని మోహన రాగం వాయిస్తుంటే, సత్యనారాయణపురంలో మేడ మీద నలుగురం శ్రీరామనవమి భజనకు ప్రాక్టీసు చేసిన రోజులు కళ్లముందుకొచ్చాయి. అప్పట్లో తబలా వాయించినవాడికి ఫోన్లో వినిపించాను. "ఆ 'ప' అలాగే ఉందిరా" అన్నాడు.