కుటుంబ జీవిత ఆటకు స్టోర్ కవర్: ఈ మూడింటిలో ఏది?

మేడమీదిగది:
అందరికీ నమస్కారం. మూడు తరాల వాళ్లు ఒకే ఇంట్లో బతికే ఆట తయారు చేస్తున్నాం, ఇద్దరం కలిసి. పసిబిడ్డగా మొదలైన మనిషి ముసలితనం దాకా సాగుతాడు. అలకలు, పెళ్లిళ్లు, ఇల్లు వదిలి వెళ్లిపోవడాలు, ఆస్తి పంపకాలు, అన్నీ ఆటగాడి చేతిలోనే. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో పేజీ తెరవాలంటే ముందు కవర్ సంగతి తేల్చుకోవాలి. ప్రస్తుతానికి మూడు చిత్తు బొమ్మలున్నాయి.

మొదటిది: ఇంటి ముందు ఆరుగురూ వరుసగా నిలబడి నవ్వుతుంటారు. పైన చేతిరాత లాంటి సన్నని బంగారు రంగు అక్షరాల్లో ఆట పేరు. రెండోది: నాయనమ్మ వంగి చేతులు చాపింది, పసివాడు ఒక కాలెత్తి ఆమె వైపు తొలి అడుగు వేస్తున్నాడు. వెనక గుమ్మంలో అక్క ఫోను చూసుకుంటూ నిలబడింది. మూడోది: ముందు గోడ తీసేసిన ఇల్లు, గదికొక సన్నివేశం. నాకు మొదటిదే నిండుగా కనిపిస్తోంది. నాతో పనిచేసేవారు మూడోదే అంటున్నారు. మొహమాటం లేకుండా చెప్పండి.

చిన్నబొమ్మ:
మొహమాటం వద్దన్నారు కాబట్టి చెబుతున్నాను. మొదటిది బీమా కంపెనీ ప్రకటనలా ఉంది. ఆరుగురూ మన వైపే చూస్తున్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. మీ ఆటలో అలకలూ పంపకాలూ ఉన్నాయని మీరు రాస్తే తెలిసింది, బొమ్మలో ఆ జాడే లేదు. రెండోదాంట్లో ముగ్గురే ఉన్నా ఎవరికి ఎవరు ఏమవుతారో చెప్పకుండానే తెలుస్తోంది. పైగా పసివాడి మీద అందరూ మురిసిపోతుంటే అక్క పట్టించుకోవడం లేదు. మీ ఆట మొత్తం ఆ గుమ్మంలోనే ఉందండీ.

అంచులపనివాడు:
బొమ్మలు గీసేవాడిగా రెండు మాటలు. ఏది బాగుందో పూర్తి పరిమాణంలో తేల్చకండి. స్టీమ్‌లో కవర్ బొమ్మను క్యాప్సూల్ అంటారు, ఆట పేజీలో పైన కనిపించేది హెడర్. ఇప్పుడు అడిగే కొలతలు, పిక్సెళ్లలో: హెడర్ 920×430, చిన్న క్యాప్సూల్ 462×174, ప్రధాన క్యాప్సూల్ 1232×706, నిలువుది 748×896. కొన్న ఆటలు కనిపించే లైబ్రరీకి 600×900 వేరే. వీటిలో చిన్నది వెడల్పే వెడల్పు, ఎత్తు దాదాపు లేనట్టే. పైగా వెతుకులాట జాబితాల్లో అది ఇంకా కుంచించుకుపోయి కనిపిస్తుంది. అక్కడ మీ ఆరుగురూ ఆరు చుక్కలు. అసలు ఆ కొలతలో బొమ్మ మీద ఆశ వదులుకోవచ్చు, ఆట పేరే దాదాపు మొత్తం చోటును ఆక్రమించాలి. ఆ సన్నని బంగారు అక్షరాలు అక్కడ ఒక గీతలా మిగులుతాయి. లావు అక్షరాలు, ముదురు అంచు, రెండు వరుసలకు మించకుండా.

రెండోదాంట్లో ఒక చిక్కుంది. నాయనమ్మ చేతులకూ పిల్లవాడి చేతులకూ మధ్య ఖాళీయే బొమ్మకు ప్రాణం. కానీ వెనక గోడ లేత గోధుమ రంగు, ఆమె వేసుకున్న దుస్తులూ అదే రంగు. బొమ్మను కుదిస్తే ఆ ఖాళీ మూసుకుపోయి ఇద్దరూ ఒకే ముద్దగా కనిపిస్తారు. రంగులు తీసేసి నలుపు తెలుపులో చూడండి, తెలిసిపోతుంది. గోడను రెండు మెట్లు ముదురు చేస్తే చాలు. అలాగని బొమ్మ అంచుల దాకా ముదురు నీలంలోకి పోనివ్వకండి, స్టోర్ పేజీ నేపథ్యమే ముదురు నీలం, అందులో కలిసిపోతుంది.

ఇంకొకటి. చిత్రకారుడి దగ్గర పొరలు విడివిడిగా ఉన్న ఫైలు తీసుకోండి: మనుషులు వేరు, ఇల్లు వేరు, పేరు వేరు. అడ్డం బొమ్మను కత్తిరించి నిలువుది చేద్దామంటే ఎవరో ఒకరి తల తెగుతుంది. లైబ్రరీలో పైన పరిచే 3840×1240 బొమ్మ మీద అక్షరాలే ఉండకూడదు, పేరు దానికి విడిగా ఇవ్వాలి. ఇవన్నీ ఒప్పందంలో ముందే రాసుకోకపోతే తర్వాత ప్రతిదానికీ కొత్త బేరమే.

పాతచందా:
నేను ఆటలు తయారు చేసేవాడిని కాదు, కొని ఆడేవాడిని. ఈ రకం ఆటలంటే పిచ్చి. రెండోది అందరికీ నచ్చేటట్టుంది కానీ దాన్ని చూసి నేను ఆగను. అది కథ చెప్పే ఆటేమో, మనం చదువుతూ పోవడమేనేమో అనుకుంటాను. నాకు కావలసింది ఇల్లు. గోడలు కట్టొచ్చా, మంచం జరపొచ్చా, మనుషులను నా ఇష్టప్రకారం తయారు చేయొచ్చా, ఇవే నా ప్రశ్నలు. గోడ తీసిన ఇల్లు చూడగానే వాటికి జవాబు దొరుకుతుంది. నా ఓటు మూడోదానికే.

అంచులపనివాడు:
మీరు చెప్పిందీ నిజమే. అయితే గదికొక సన్నివేశం అంటే పెద్ద కొలతలోనే బాగుంటుంది. నిలువు క్యాప్సూల్‌కు మేడ ఇల్లు అతికినట్టు సరిపోతుంది, హెడర్‌లో మాత్రం అదే ఇల్లు నడుమ ఇరుక్కుని రెండు పక్కలా ఆకాశం మిగులుతుంది. రెండోదాన్నే తీసుకుని, వెనక పైగదిలో ఒక్క గోడ తెరిచి దీపం వెలిగిస్తే? ఆడేవాళ్లకు సంకేతం అందుతుంది.

లెక్కలగూడు:
కవర్ మార్చిన అనుభవం మాకుంది. మాది పొలం పనుల ఆట. మొదటి కవర్‌లో పొలం మాత్రమే ఉండేది, తర్వాతి దాంట్లో ఒక మనిషీ కుక్కా ఎదురెదురుగా. నొక్కేవాళ్లు పెరిగారు. కానీ దాన్ని పూర్తిగా కవర్ ఖాతాలో వేయలేను, ఎందుకంటే అదే వారం తగ్గింపు అమ్మకం మొదలైంది. స్టీమ్ నివేదికలో బొమ్మ ఎన్నిసార్లు కనిపించిందో, ఎందరు పేజీకి వచ్చారో, ఎక్కడి నుంచి వచ్చారో విడివిడిగా ఉంటుంది. బొమ్మ చూసినవాళ్లలో ఎందరు నొక్కారన్న మొత్తం శాతం చూసి మురిసిపోకుండా, వెతుకులాట నుంచి వచ్చినవాళ్లను వెతుకులాటతోనే పోల్చండి. మొదటి పేజీలో ఎక్కువగా చూపించిన వారం శాతం పడిపోవడం మామూలే, సంబంధం లేని వాళ్లకు కూడా కనిపిస్తుంది కదా.

రెండు కవర్లను సగం సగం మందికి చూపించి పరీక్షించే సదుపాయం స్టీమ్‌లో లేదు. ఫోను ఆటగా కూడా తెచ్చేటట్లయితే గూగుల్ ప్లేలో ఉంది, ఇప్పుడున్న దానికి పోటీగా మూడు రూపాల దాకా పెట్టవచ్చు. ఆపిల్ యాప్ స్టోర్‌లోనూ మూడే, 90 రోజుల దాకా. అయితే అక్కడ గెలిచిన బొమ్మ స్టీమ్‌లోనూ గెలుస్తుందన్న నమ్మకం నాకు లేదు, ఆ జనం వేరు.

మేడమీదిగది:
చాలా సంతోషం. రెండు సందేహాలు. మనుషుల మానసిక స్థితి చూపడానికి ఆటలో తల మీద చిన్న ఆకుపచ్చ ఆకు తేలుతుంటుంది, దాన్ని కవర్‌లో పెట్టవచ్చా? అలాగే ఒక పోటీలో మా నమూనాకు బహుమతి వచ్చింది, ఆ గుర్తు ఒక మూల వేస్తే?

చిన్నబొమ్మ:
ఆకు వద్దే వద్దు. ది సిమ్స్ అనే జీవిత ఆట 2000లో వచ్చినప్పటి నుంచి తల మీద ఆకుపచ్చది ఏది తేలినా జనానికి అందులో మనుషుల తల మీద తేలే వజ్రమే గుర్తొస్తుంది. మీది ఆకే అయినా చిన్న కొలతలో వజ్రంలాగే ఉంటుంది. కాపీ అన్న మాట పడ్డాక ఎంత సంజాయిషీ ఇచ్చుకున్నా వినరు.

లెక్కలగూడు:
బహుమతి గుర్తు కుదరదు. 2022 సెప్టెంబర్ 1 నుంచి క్యాప్సూల్ మీద ఆట బొమ్మ, ఆట పేరు, అధికారిక ఉపశీర్షిక తప్ప ఇంకేమీ ఉండకూడదు. బహుమతులు, సమీక్షల మార్కులు, తగ్గింపు మాటలు అన్నీ నిషేధమే. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు దాని గురించి రాసిన బొమ్మను కొద్దికాలం, గరిష్ఠంగా ఒక నెల, పెట్టుకోనిస్తారు. బహుమతి సంగతి పేజీ లోపల వివరణలో రాసుకోండి. చిత్తు బొమ్మల్లో కృత్రిమ మేధతో చేసినవి ఉండి, అవే చివరికి వాడేటట్లయితే ఆ విషయం కూడా స్టీమ్‌కు ప్రకటించాలి.

మేడమీదిగది:
లేదు, అన్నీ చేత్తో గీసినవే.

పాతచందా:
నాదొక ప్రశ్న. కవర్‌లో మనుషులు నూనె రంగుల్లో గీసినట్టున్నారు. ఆటలో ఎలా ఉంటారు? ఇంకా చెప్పాలంటే, ఆటలో ఫోను ఉందా?

మేడమీదిగది:
ఆటలో మనుషులు ఇంకా సాదాగా, తక్కువ గీతలతో ఉంటారు. ఫోను ఇంకా పెట్టలేదు.

పాతచందా:
అదే భయం. జీవిత ఆటల్లో కవర్ మీద కనిపించిన ప్రతి వస్తువునూ ఆటలో వెతుకుతాం. లేకపోతే సమీక్షలో మొదటి వాక్యం అదే అవుతుంది.

అంచులపనివాడు:
గీత తేడా ఉండటంలో తప్పు లేదు, కవర్ అంటే బొమ్మే కదా, తెరపట్టు (స్క్రీన్‌షాట్) కాదు. ముక్కు, జుట్టు, ఒంటి తీరు ఆటలోని మనుషులవే అయితే చాలు, మెరుగులు ఎన్నైనా దిద్దుకోవచ్చు. కానీ ఫోను విషయంలో పాతచందా గారితో ఏకీభవిస్తాను. లేని వస్తువును చూపడం వేరు.

మేడమీదిగది:
ఈ పూట కూర్చుని మళ్లీ గీయించాం. నాయనమ్మ, పసివాడు అలాగే ఉన్నారు, గోడ ముదురు చేశాం, పైగది తెరిచి లోపల మంచం, దీపం పెట్టాం. అక్షరాలు లావయ్యాయి. అక్కను తీసేద్దామని ఒక ఆలోచన, చిన్న కొలతలో ఎలాగూ కనిపించదు.

చిన్నబొమ్మ:
అక్కను తీసేయకండి! చిన్నదాంట్లో వదిలేయండి, హెడర్‌లోనూ నిలువుదాంట్లోనూ ఉంచండి. ఆమె లేకపోతే అది పసిపిల్లల బట్టల దుకాణం బొమ్మే.

మేడమీదిగది:
సరే, అక్క ఉంటుంది. ఫోను తీసేసి చేతికి ప్రయాణపు సంచి ఇస్తున్నాం, ఇల్లు వదిలి వెళ్లడం ఆటలో ఎలాగూ ఉంది.

అంచులపనివాడు:
ఇది ఇంకా బాగుంది. సంచి రంగు తలుపు రంగులో కలిసిపోకుండా చూడండి.